కిటికీ కింది కుదురు

మా నాయన చేలో గడ్డి తీస్తూ పెరిగినదాన్ని నేను. శనక్కాయ చెట్ల మధ్య గరిక, తుంగ మొలిస్తే తొలికతో గీకి గట్టు మీద పారేసేవాళ్లం. అరచేతులు కాయలు కాచేవి. అలాంటి నేను సౌదీలో, హఫర్ అల్ బాతిన్‌లో, అద్దె ఇంటి ముంగిట నీళ్లు పోసి మరీ గడ్డి పెంచానంటే మా ఊళ్లో ఎవరూ నమ్మరు. వీడియో కాల్‌లో చూపిస్తే మా పిన్నమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఈడ పీకింది చాలక ఆడ నాటుతాండావా మే? నీకేమన్నా గాలి సోకిందా?" అంది.

ఆమె నోటికి అడ్డూ ఆపూ లేదు. నాకూ లేదనే మా అత్తగారింట్లో పేరు. కానీ ఆ రోజు నేను ఎదురు మాట్లాడలేదు. నిజంగానే గాలి సోకిందేమో అని నాకే అనుమానంగా ఉండిన రోజులవి.

మేము కడప పక్క దూదేకులవాళ్లం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నా ఉర్దూ విని ఇక్కడి హైదరాబాదు ఆడవాళ్లు నోరు మూసుకుని నవ్వేవారు. నా అరబ్బీ విని సౌదీ పిల్లలు నోరు తెరిచే నవ్వేవారు. మా ఆయన ఒక కాంట్రాక్టు కంపెనీలో జనరేటర్ టెక్నీషియన్. మేమున్నది ఒక సౌదీ కుటుంబం ఇంటి వెనక పోర్షన్. రెండు గదులు, ముంగిట ఇసుక నేల, చుట్టూ మనిషి ఎత్తుకు మించిన గోడ. బయటి గాలీ బయటి చూపూ లోపలికి రావు. గోడలో ఒక చిన్న ఇనుప తలుపు ఉండేది. దాని అవతల ఇంటి యజమాని తల్లి ఉండేది. చిన్నప్పుడు గుడారాల్లో, ఒంటెల వెనక తిరిగిన మనిషి. నేను ఆమెను పిన్నమ్మ వరసన ఖాలా అని పిలిచేదాన్ని. ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది అన్నట్టున్న వయసులోనూ ఆమెకు అందరి మీదా పెత్తనమే. నా కూరలో కారం ఎక్కువని తిట్టేది, తిట్టి గిన్నె ఖాళీ చేసేది.

మేమొచ్చిన కొన్నాళ్లకు నాకు కడుపు నిలిచింది. పెళ్లయిన చాలా ఏళ్లకు. ఐదో నెల నడుస్తుండగా ఒక శుక్రవారం, మగవాళ్లంతా జుమా నమాజుకు పోయిన వేళ, నొప్పులు మొదలయ్యాయి. నా కేకకు ఖాలా ఇనుప తలుపు తోసుకుని వచ్చింది. గోరింటాకు పెట్టిన ఆమె ముడతల చేతులు, స్నానాలగది తెల్లటి బండలు, వాటి మీద ఎరుపు. అంతవరకే నాకు గుర్తు. కళ్లు తెరిచేసరికి ఆస్పత్రిలో ఉన్నాను. మా ఆయన మంచం పక్కన కూర్చుని నా కాళ్ల వైపు చూస్తున్నాడు, ముఖం చూడడం లేదు.

"ఆడబిడ్డ," అన్నాడు. "పొయ్యింది. ఖబ్రస్తాన్‌లో పెట్టి వచ్చినా."

ఇక్కడ ఆడవాళ్లు ఖబ్రస్తాన్‌కు పోరు. సమాధుల మీద పేరు ఉండదు, పూలు ఉండవు. చదును నేల, తలవైపు ఒక రాయి, అంతే. మా ఊళ్లో అయితే తల దగ్గర సబ్జా మొక్క నాటుతాం, షబే బరాత్‌కు ఊదొత్తులు వెలిగిస్తాం, ఆడవాళ్లం కనీసం గోడ బయటైనా నిలబడతాం. ఇక్కడ నేను పోలేనని తెలుసు. అందుకే చోటైనా చెప్పమన్నాను. గోడ పక్కన అన్నాడు. ఇంకోసారి అడిగితే గేటుకు ఎదురుగా అన్నాడు. మళ్లీ అడిగితే, "అన్నీ ఒక మాదిరే ఉంటాయి మే, యాడని చెప్పేది?" అని లేచి వెళ్లిపోయాడు.

నేను కోరింది పెద్దదేం కాదు. ఈ దేశంలో మేముండేది ఇఖామా, ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఉన్నంతవరకే. అది ముగిసేలోగా నా బిడ్డ ఏ దిక్కున ఉందో నాకు తెలియాలి. అటు తిరిగి ఒక ఫాతిహా చదవాలి. తెలియకుండానే విమానం ఎక్కితే, బిడ్డను ఎక్కడో పెట్టి మరిచిపోయి వచ్చిన తల్లినవుతాను. పాత్రలు తోముతున్నా, బట్టలు ఆరేస్తున్నా నా లోపల తిరిగేది ఈ ఒక్క మాటే.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు పడకగది కిటికీ కింద, అంతకు ముందు ఉత్త ఇసుక ఉన్నచోట, ఒక గడ్డి కుదురు కనబడింది. చుట్టూ ఇసుక ఇంకా తడిగా ఉంది. ఖాలా ఒక ఆకు తుంచి, వేళ్ల మధ్య నలిపి, నా ముక్కు దగ్గర పెట్టింది. "షిమ్మీ," అంది, వాసన చూడమని. నిమ్మగడ్డి వాసనే, కానీ ఇంకా ఘాటుగా, కర్పూరం కలిసినట్టుంది. ఇజ్‌ఖిర్ అని పేరు చెప్పింది. మదీనాలో ఉండే కూతురు తెచ్చిస్తే తన వాకిట్లో డబ్బాలో పెంచుకుంటున్నదట. దాన్ని తీసి ఇక్కడ నాటింది. నా మనసు మళ్లించడానికి ఇచ్చిందనుకుని ఆమె మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది. కానీ నన్ను చూసి కాదు, కుదురు వైపు చూసి ఏడ్చింది.

అలా మొదలైంది నా గడ్డి పిచ్చి. ఇజ్‌ఖిర్ ఒంటరిగా ఉందని దానికి తోడు వెతికాను. వానలు పడ్డాక మా ఆయన ఖాలాను, నన్ను పికప్‌లో ఊరి బయటికి తీసుకుపోయాడు. ఎడారిలో మొక్కను వేరుతో పీకితే జరిమానా వేస్తారు, అందుకని గింజల కోసమే పోయాం. ఖాలా గడ్డి వైపు చూడనేలేదు. నేల మీద చీమల బారు వెతికి, దాని వెంట పోయి, పుట్ట నోటి దగ్గర కూలబడి వేళ్లతో ఇసుక తోడింది. లోపల గుప్పెళ్లకొద్దీ గడ్డిగింజలు. కరువు రోజుల్లో వాళ్లమ్మ చీమల గాదెలు తవ్వి రొట్టెలు చేసేదట. సగం తీసుకుని, సగం మళ్లీ పూడ్చింది. వాటికీ పిల్లలుంటారు అంది.

ఆ గింజలను తెచ్చి చల్లాను. మొదటి విడత నీళ్లెక్కువై కుళ్లిపోయింది. చినుకు కోసం మొగులు చూసే సీమలో పుట్టినదాన్ని కదా, చేతిలో పైపు ఉండేసరికి పొద్దూ మాపూ తడిపాను. ఖాలా నాకు బాగా గడ్డి పెట్టింది. ఆ తర్వాత ఇసుకలో గులకరాళ్లు కలిపి, వారానికొకసారి తప్ప నీళ్ల జోలికి పోకుండా, మళ్లీ చల్లాను. రెండు రకాలు మొలిచాయి. ఒకటి థుమామ్. ముతక కాడలు, ఉబ్బిన కణుపులు, నడుమెత్తు గుబురు. ఇంకొకటి నస్సీ. చూడ్డానికి పిడికెడే, కానీ చలి తగ్గే వేళకు తెల్లటి ఈకల్లాంటి వెన్నులు తీస్తుంది. ఎండ తగిలితే మా తాత ఏకిన దూది గాల్లో లేచినట్టుండేది. వరసగా కాకుండా, ఎడారిలో ఉన్నట్టే విడివిడిగా నాటాను. చలికాలంలో జానెడు ఎత్తుకు కోసేదాన్ని. కోసినది ఖాలా మేకకు పోయేది.

ఆ ముంగిట మధ్యాహ్నాలు మంచివి కావు. ఎండ నిట్టనిలువుగా దిగాక వీధిలో అలికిడి ఉండదు. ఏసీ హోరు తప్ప ఏమీ వినబడదు. నేను కిటికీ అద్దం వెనక నిలబడి కింద ఉన్న ఇజ్‌ఖిర్‌ను చూస్తూ ఉండేదాన్ని. కాసేపటికి, చూస్తున్నది నేను ఒక్కదాన్నే కాదనిపించేది. పరదా లాగేసి గది మధ్యకొచ్చి నిలబడేదాన్ని. వెన్ను కిటికీ వైపు పెట్టడానికి మాత్రం ధైర్యం చాలేది కాదు.

నేను మొదట గమనించింది ఖాలా సలాం. ఇనుప తలుపు తీసుకుని లోపలికి రాగానే ఆమె కిటికీ వైపు తిరిగి సలాం చెప్పేది. ఆ తర్వాత నా వైపు తిరిగి మళ్లీ చెప్పేది. చూపు ఆనక, నేను అక్కడున్నాననుకుంటోందేమో అనుకున్నాను. ఒకరోజు ఆమెను నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. నా భుజం పట్టుకుని నడుస్తూ కూడా ఆమె కిటికీ కిందికి చూసి సలాం చెప్పింది. చెప్పి, జవాబు వినేవాళ్లలా ఒక క్షణం ఆగింది. ఎవరికి చెప్పావు ఖాలా అని అడిగితే, "నీకే," అంది. నాకు వీపు మీద చల్లటి చెయ్యి పెట్టినట్టయింది.

జూలై వచ్చింది. థుమామ్ ఎండి పుల్లలు తేలింది. నస్సీ ఉందో పోయిందో తెలియలేదు. వాటి తత్వమే అంత, ఎండకు చచ్చినట్టు పడుకుని వానకు లేస్తాయి. ఇజ్‌ఖిర్ కూడా అలాగే ఎండాలి. దానికి నేను పోసిందీ వారానికొక్క చెంబే. అది మాత్రం పచ్చగా, తడితడిగా, అప్పుడే చిగురు తొడిగినట్టు ఉంది. దుమ్ము తుఫాను వచ్చి పగలంతా ఆకాశం నారింజరంగుకు తిరిగిన మర్నాడు ముంగిట అంతా పిండి చల్లినట్టు ఉంది. గడపలు, బకెట్లు, తలుపు గడియ, అన్నిటి మీదా దుమ్మే. ఇజ్‌ఖిర్ ఒక్కటే ఆకు ఆకునా తుడిచినట్టు శుభ్రంగా ఉంది. పక్కనున్న థుమామ్‌ను తడితే చెయ్యంతా మట్టి. దీన్ని తాకితే చేతికి ఏమీ అంటలేదు. నేను చెయ్యి పైటకు తుడుచుకుని లోపలికొచ్చి తలుపు వేసుకున్నాను.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఆ గుంట. కుదురు నడుమ గడ్డి రెండు పక్కలకూ ఒరిగి, మూరెడు పొడవున ఒక పడక ఏర్పడేది. ముదిరిన కుదుళ్లు నడుమ ఎండి బోలుగా అవుతాయని నాకు తెలుసు. ఇది ఎండినది కాదు. పచ్చటి ఆకులే, పక్కకు ఒదిగి ఉండేవి. పిల్లి పనేమో అనుకున్నాను. వీధిపిల్లి ఒకటి రోజూ గోడ దూకి వచ్చి కుదురుకు కాస్త ఎడంగా పడుకునేది. ఒక్కనాడూ లోపలికి పోలేదు. నేను వేళ్లతో దువ్వి ఆకులను నిలబెట్టేదాన్ని. మర్నాటికి మళ్లీ ఒరిగేవి. ఒకసారి గుంటలో అరచెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. ఎండకు ఇసుక కాగిందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ అది జనవరి, ఇంకా పొద్దెక్కని వేళ, నా నోటి నుంచి ఆవిరి వస్తోంది.

అయినా నేను దాన్ని పీకేయాలనుకోలేదు. ఎందుకో చెప్పలేను. దాని దగ్గరికి పోవాలంటే భయం, పోకుండా ఉండాలంటే బెంగ. రెండూ ఒకే మనిషికి ఒకే గడ్డి మీద ఎలా ఉంటాయో నాకే తెలియదు.

ఆ చలికాలమే మా ఆయనకు జలుబు చేస్తే కిటికీ కింది ఆకులు నాలుగు కోసి టీ కాచి ఇచ్చాను. నేనూ తాగాను, బాగుంది. ఆయన ఒక గుక్క మింగి, "ఏంది వాసన? యాడిదిది?" అన్నాడు. కిటికీ కిందిది అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, సింకు దగ్గరికి పోయి, వేలు పెట్టి కక్కాడు. చాలాసేపు నోరు పుక్కిలించాడు. నిమ్మగడ్డి తనకు పడదన్నాడు. మా అత్త ప్రతి జలుబుకూ పట్టేది నిమ్మగడ్డి కషాయమే. అది తాగి పెరిగిన మనిషికి ఇప్పుడు పడకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు. నేను నా గ్లాసు వైపు చూశాను, అడుగున ఇంకా కొంచెం మిగిలి ఉంది.

తర్వాత కంపెనీ ఆయన్ను ఖఫ్జీ పంపింది, అక్కడ జనరేటర్లు బిగించే పని. ఒక నెల పైగా లేడు. ఆయన పోయిన వారానికి ఇజ్‌ఖిర్ తల వాల్చింది. దుమ్ము కప్పుకుంది. నీళ్లు పోశాను, నీడ కట్టాను, ఎండిన ఆకులు తీశాను. దేనికీ లేవలేదు. నస్సీ, థుమామ్ మాత్రం ఎప్పట్లా ఉన్నాయి. ఆయన తిరిగొచ్చిన కొద్ది రోజులకే అది మళ్లీ నిటారుగా, కడిగిన ముత్యంలా నిలబడింది. ఆ పొద్దు అన్నం వార్చబోతూ నేను గంజి గిన్నె పట్టుకుని అలాగే ఆగిపోయాను. నా బిడ్డ ఖబ్రస్తాన్‌లో లేదేమో అన్న ఆలోచన మొదటిసారి అప్పుడొచ్చింది.

అనుమానం పెనుభూతం అంటారు. నాది కిటికీ కింద ఆకులేసుకుని కూర్చుంది. ఆయన్ను అడుగుదామంటే నాలుక లేవలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది. కాదంటే కట్టుకున్నవాణ్ని అనవసరంగా అనుమానించినదాన్నవుతాను. అవునంటే, మరి నేను తాగిందేమిటి? ఖాలాను అడిగాను. నా అరబ్బీ ఎంత వంకరగా ఉన్నా అన్నీ అర్థం చేసుకునే మనిషి, ఆ ఒక్క మాట మాత్రం అర్థం కానట్టు చెయ్యి తిప్పి వెళ్లిపోయింది.

అలా ఇంకో ఏడాది గడిచింది. చలికాలం చివర్లో కంపెనీ పని ముగిసింది, మా ఆయనకు ఫైనల్ ఎగ్జిట్ వేశారు. వారంలో బయల్దేరాలి. ఆయన పెట్టెలు కట్టడానికి అట్టడబ్బాలు తెస్తానని బజారుకు పోయాడు. నేను వంటింట్లోంచి చిన్న గునపం తీసుకుని కిటికీ కిందికి పోయాను. ముదిరిన కుదుళ్లను తవ్వి, వేళ్లతో చీల్చి, విడిగా నాటాలి. లేకపోతే నడుమ నుంచి చస్తాయి. ఆ పనే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నేను చూడాలనుకున్నది వేర్లను కాదని నా చేతులకు తెలుసు.

గునపం ఒకటే దెబ్బ పడింది. గాలి లేదు, ఎండ వెలుతురు తెల్లగా ఉంది. గోడ మీద పిల్లి లేచి నిలబడింది. నేను రెండో దెబ్బకు చెయ్యి ఎత్తేసరికి వెనక నుంచి ఎవరో మణికట్టు పట్టుకున్నారు. నేను కెవ్వుమన్నాను. మా ఆయన. అట్టడబ్బాలు గేటు దగ్గర పడి ఉన్నాయి.

"ఆడ తవ్వొద్దు," అన్నాడు.

"వొదులు. చీల్చి నాటాల. లేకుంటే నడుమ ఎండిపోతాది."

"తవ్వొద్దంటి గదా మే!"

పెళ్లయిన నాటి నుంచి ఆయన నా మీద చెయ్యి బిగించింది అదొక్కసారే. నా గాజు విరిగింది. నాకు నొప్పి తెలియలేదు.

"నా బిడ్డ యాడుండాది?" అన్నాను. "గోడ పక్కనంటివి, గేటుకు ఎదురుగా అంటివి. ఈ పొద్దు నిజం చెప్పు. చెప్పకుంటే నేను విమానం ఎక్కను."

ఆయన నా చెయ్యి వదిలేశాడు. మెల్లగా ఇసుకలో కూర్చున్నాడు, కుదురును తాకకుండా, కొంచెం ఎడంగా.

"ఈడనే ఉండాది," అన్నాడు.

ఎలా జరిగిందో నేను అడగలేదు, ఆయనే చెప్పాడు. ఆ శుక్రవారం నన్ను ఆస్పత్రిలో చేర్చి ఇంటికొచ్చేసరికి ఖాలా బిడ్డను కడిగి, తన తెల్లటి ముసుగుగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉందట. ఏం చెయ్యాలో తోచక ఊరికి, వాళ్లమ్మకు, ఫోన్ చేశాడు. మా అత్త వాళ్లింట్లో ఒక పట్టింపు ఉంది. కళ్లు తెరవని బిడ్డను గడప దాటించకూడదు, ఇంటి ఎల్లలోనే పెట్టాలి. తల్లికి మాత్రం ఆ చోటు ఎప్పటికీ చెప్పకూడదు.

"చెప్తే ఆ కడుపు మళ్లా పండదని చెప్పె అమ్మ," అన్నాడు. "అమ్మకూ ఒక బిడ్డ పొయ్యింది. అది యాడుండాదో ఆమెకు ఈ పొద్దుటికీ తెల్దు. నాయన చెప్పల్యా. చెప్పకనే నాయనా పొయ్యె."

వాళ్లమ్మ చెప్పినట్టే చేశాడు. ఖాలా ఎండిన ఇజ్‌ఖిర్ పరిచి, పైన మట్టి కప్పించింది. పాత రోజుల నుంచీ వాళ్లలో సమాధుల్లో ఆ గడ్డి వాడతారట. ఎవరూ కాలు పెట్టకుండా దాని మీద పచ్చి కుదురు నాటింది.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇసుక పిడికిట పట్టి ఆయన మీదికి విసిరాను.

"మీయమ్మకు తెల్సు. పక్కింటి ముసిలామెకు తెల్సు. నీకు తెల్సు. మోసింది నేనప్పా! నాకొక్కదానికే తెల్దు. చెప్పకుండానే పెడితివి గదా, పండిందా నా కడుపు?"

ఆయన ఇసుక దులుపుకోలేదు. మిగతాదీ చెప్పాడు. నేను లేవకముందే ఫజర్ నమాజుకు కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసి, చెంబు నీళ్లు తెచ్చి కుదురుకు పోస్తాడు. దుమ్ము పడితే ఆకు ఆకు మీదా నీళ్లు జల్లి కడుగుతాడు. ఖఫ్జీలో ఉన్నన్నాళ్లూ నిద్రపోలేదు. ఆ టీ రుచి ఇంకా నాలుక మీద ఉందన్నాడు. వింటూ వింటూ నా కోపం పల్చబడింది. ఇన్నాళ్లూ ఏ శుభ్రానికి బిత్తరపోయానో, ఏ పచ్చదనానికి జడిశానో, అది ఈ మనిషి ఒంటరిగా మోసిన దుఃఖమే. ఆయన మీద నాకు జాలి కలిగింది, నా మీద కూడా కలిగింది.

"నడుమ గుంట కూడా నువ్వే చేసేదా?" అని అడిగాను.

"ఏ గుంట?"

"గడ్డి పక్కలకు ఒరిగి, పండబెట్టినట్టు ఉంటాదే. దినామూ ఉంటాది. చెయ్యి పెడతావా ఆడ?"

"నేను గడ్డి మీద చెయ్యి ఆనించను మే. దూరం నుంచి నీళ్లు పోసి లేస్తా."

ఇద్దరం అటు చూశాం. గునపం దెబ్బ పడింది అంచున. నడుమ ఆకులు ఎప్పట్లాగే రెండు పక్కలకూ ఒదిగి ఉన్నాయి. నా చేతుల మీద రోమాలు లేచాయి. కానీ ఈసారి నాకు లోపలికి పరిగెత్తాలనిపించలేదు. దగ్గరికి జరిగి, గుంట పక్కన ఇసుకలో పడుకున్నాను. నా తల బిడ్డ తలవైపు ఉందో కాళ్లవైపు ఉందో అడగాలనిపించి అడిగాను. తలవైపే అన్నాడు. చదవాలనుకున్న ఫాతిహా అక్కడే, పడుకునే చదివాను.

"నువ్వు దినామూ నీళ్లు పోసి అల్లాను ఏమని అడుగుతావు?" అన్నాను.

"దువా చేస్తా. పేరు పెట్టి అడుగుతా."

"ఎవరి పేరు?"

"బిడ్డ పేరు. పేరు పెట్టకుండా మట్టి ఎట్ల వేసేది?"

చోటు అడిగాను, దిక్కు అడిగాను, ఇన్నేళ్లూ అడుగుతూనే ఉన్నాను. నా బిడ్డకు ఒక పేరుంటుందని నాకు తోచనే లేదు. నేను దాన్ని బిడ్డ అనే తలుచుకునేదాన్ని. ఆయన వంగి నా చెవిలో చెప్పాడు, పుట్టినవాళ్ల చెవిలో బాంగు చెప్పినట్టు. చిన్న పేరే. అప్పుడు ఏడ్చాను. ఆ పేరు ఇక్కడ రాయను.

మిగిలిన రోజులన్నీ ముంగిటే గడిపాను. పెట్టెలు ఆయనే కట్టాడు. గడ్డి కింది సంగతి ఇంటి యజమానైన తన కొడుకుకు చెప్పనని, తాను ఉన్నంతవరకూ ఎవరినీ అక్కడ కాలు పెట్టనివ్వనని ఖాలా ఒట్టు పెట్టింది. ఆమె ఎన్నాళ్లుంటుందని నేను అడగలేదు. తన వాకిలి వైపు ఇంకో డబ్బా చూపించింది, ఈ కుదురు పోతే నాటడానికి అందులోనూ ఇజ్‌ఖిర్ మొలకలు ఉన్నాయి.

బయల్దేరిన పొద్దున కారు గేటు ముందు ఆగింది. ఆయన సామాను ఎక్కించాడు. ఖాలాను వాటేసుకుని వదిలాక గేటు దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. ప్రయాణానికి ఆలస్యమవుతుంటే ఏ తల్లయినా ఎలా పిలుస్తుందో అలాగే, కాస్త కసిరినట్టు, ముంగిట వైపు తిరిగి పేరు పెట్టి పిలిచాను. నా గొంతు గోడలకు తగిలి ఆగింది. డ్రైవరు తిరిగి చూశాడు.

మా ఆయన కారు వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. నేను ఎక్కి, ఒక పక్కకు జరిగి కూర్చున్నాను. ఆయన తలుపు పట్టుకుని గేటు వైపు చూస్తూ ఇంకా కాసేపు నిలబడ్డాడు. తర్వాత, చిన్న వేళ్లు నలగకుండా చూసుకునేవాళ్లలా, మెల్లగా వేశాడు.